కదిలే తీరరేఖ

సముద్రమట్టం ఇప్పుడున్న చోటికి చేరి నిలదొక్కుకుని ఆరేడు వేల ఏళ్లకు మించలేదు. అంతకుముందు అది వంద మీటర్లకు పైగా దిగింది, మళ్లీ ఎక్కింది. దాదాపు 20 వేల ఏళ్ల కిందట, చివరి మంచుయుగం ముదిరిన రోజుల్లో, ఉత్తర అమెరికా మీదా ఉత్తర ఐరోపా మీదా మంచు కిలోమీటర్ల మందాన పేరుకుంది. ఆ మంచంతా సముద్రం నుంచి ఆవిరై లేచిన నీరే. నేల మీద గడ్డకట్టిన నీరు తిరిగి సముద్రానికి చేరకపోవడంతో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లకు పైగా దిగువన ఉండేది. బ్రిటన్ అప్పుడు దీవి కాదు, ఐరోపాలో కలిసి ఉన్న నేల. భారత్ నుంచి శ్రీలంకకు నడిచి వెళ్లే దారి ఉండేది. గోదావరి, కృష్ణ ఇప్పటి మొగల దగ్గర ఆగకుండా, ఇవాళ వేట పడవలు తిరిగే చోట నేల మీద పారి, ఇంకా ముందుకు వెళ్లి బంగాళాఖాతంలో కలిసేవి.

తర్వాత భూమి వేడెక్కింది, మంచు కరిగింది, సముద్రం పైకి వచ్చింది. ఆ రాక ఎప్పుడూ ఒకే వేగంతో సాగలేదు. సుమారు 14,500 ఏళ్ల కిందట కొన్ని వందల ఏళ్ల వ్యవధిలోనే పది మీటర్లకు పైగా పెరిగిన సందర్భం ఉంది. సుమారు 7 వేల ఏళ్ల కిందటికి ఆ పెరుగుదల చాలా నెమ్మదించింది. ఇవాళ కనిపించే డెల్టాలు, ఉప్పునీటి సరస్సులు, ఇసుక తిన్నెలు చాలావరకు ఆ నెమ్మది కాలంలో పుట్టినవే. మనిషి రేవులు కట్టుకున్నదీ, డెల్టాల్లో వరి పండించిందీ ఈ కాలంలోనే.

ఒక ఊళ్లో సముద్రం పెరిగిందంటే రెండు సంగతులు జరిగి ఉండవచ్చు. నీరు పైకి వచ్చి ఉండవచ్చు, లేదా నేల కిందికి దిగి ఉండవచ్చు. తీరాన ఉన్నవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్య ఉన్న బోత్నియా సింధుశాఖ తీరంలో నేల ఇప్పటికీ ఏటా దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున లేస్తోంది. మంచు బరువుకు అణగిన నేల, ఆ బరువు తొలగి వేల ఏళ్లయినా ఇంకా కుదురుకోలేదు. అక్కడ సముద్రం వెనక్కి పోతున్నట్టే ఉంటుంది. దీనికి విరుద్ధమైన ఉదాహరణ భారతదేశపు దక్షిణ కొస. 2004 డిసెంబరు 26 భూకంపంలో గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్ ఒక్కసారిగా నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అక్కడి లైట్‌హౌస్ మొదలు నీటిలో మునిగింది. అదే రోజు ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, పగడపు దిబ్బలు నీళ్ల పైకి తేలి ఎండిపోయాయి. సముద్రంలో నీరు పెరగనూ లేదు, తగ్గనూ లేదు. రెండు చోట్లా కదిలింది నేలే.

సముద్రపు ఉపరితలం కూడా నున్నగా, సమంగా ఉండదు. భూమి గురుత్వాకర్షణ అన్నిచోట్లా ఒకేలా లేకపోవడం వల్ల భారతదేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రపు నీటిమట్టం, భూమి ఆకారానికి లెక్కగట్టిన సగటు మట్టంకంటే వంద మీటర్లకు పైగా పల్లంగా ఉంటుంది. గ్రీన్‌లాండ్ మీది భారీ మంచు తన చుట్టూ ఉన్న నీటిని తన వైపు లాక్కుంటుంది. ఆ మంచు కరిగితే ఆ లాగుడు తగ్గి దాని పక్కనున్న సముద్రం దిగుతుంది, దూరంగా ఉన్న తీరాల్లో ఎక్కువ పెరుగుతుంది. రుతువులను బట్టి కూడా మార్పు ఉంటుంది. గాలులు, ప్రవాహాలు, నదుల మంచినీరు కలిసి విశాఖపట్నంలో సముద్రమట్టాన్ని ఏటా మార్చి ప్రాంతంలో కిందికి దించుతాయి, అక్టోబరు, నవంబరుల్లో పైకి తెస్తాయి. బంగాళాఖాతంలో పెద్ద తుపాన్లు ఎక్కువగా వచ్చేది కూడా ఆ నెలల్లోనే. తుపాను ఉప్పెన అప్పటికే ఎత్తులో ఉన్న సముద్రం మీదుగా నేల మీదికి వస్తుంది.

సముద్రమట్టం దిగినప్పుడు తీరంలో ఏం జరుగుతుందో చూడటానికి తెలుగు పాఠకులు దూరం వెళ్లనక్కర్లేదు. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. సముద్రం వెనక్కి తగ్గిన కాలాల్లో బయటపడిన మేటల ఇసుకను గాలి ఎత్తుకొచ్చి తీరం వెంట పోగుపెట్టింది. వేల ఏళ్ల ఎండావానలకు ఆ ఇసుకలోని ఖనిజాలు క్రుళ్లి, రేణువుల చుట్టూ ఇనుము తుప్పులాంటి పూత పట్టింది. ఎరుపు అందుకే. వాననీరు ఆ మెత్తని దిబ్బలను కోసి లోతైన గెడ్డలు చేసింది. భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. సముద్రమట్టం చరిత్ర ఇంత తేటగా, ఇంత పెద్ద విస్తీర్ణంలో కళ్లకు కనిపించే చోట్లు భారత తీరంలో అరుదు. అలాంటి దిబ్బల చుట్టూ తవ్వకాలు, కట్టడాలు ముసురుకోవడం చూస్తే ఈ సంపద విలువ ఇంకా అందరికీ తెలియలేదనిపిస్తుంది.

సముద్రం దిగినప్పుడు నదులూ మారతాయి. కలవాల్సిన మట్టం కిందికి పోవడంతో నీటి వాలు పెరిగి, నది తన అడుగును తానే కోసుకుని లోతైన లోయ చేసుకుంటుంది. మళ్లీ సముద్రం పెరిగితే ఆ లోయల్లోకి ఉప్పునీరు ఎక్కుతుంది. ప్రపంచంలోని గొప్ప సహజ ఓడరేవులు కొన్ని ఇలా మునిగిన నదీలోయలే. ఆస్ట్రేలియాలోని సిడ్నీ హార్బర్, అమెరికాలోని చెసపీక్ అఖాతం ఆ కోవకు చెందినవి. నార్వేలో నదులకు బదులు హిమానీనదాలు కోసిన లోయలు మునిగి, నిటారు గోడల మధ్య సముద్రం కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకుపోయింది.

లోయలు లేని పల్లపు తీరాల్లో వేరే రకం రూపాలు వచ్చాయి. కెరటాలు ఇసుకను తీరానికి సమాంతరంగా పొడుగాటి తిన్నెలుగా పేర్చాయి. ఆ తిన్నెల వెనక చిక్కిన నీరు ఉప్పునీటి సరస్సయింది. పులికాట్ సరస్సు, దాని ముందు శ్రీహరికోట దీవి ఇలా ఏర్పడిన జంట. ఆ సరస్సు లోతు చాలా తక్కువ. దాని బతుకంతా సముద్రంతో కలిపే మొగలు తెరుచుకుని ఉండటం మీదే ఆధారపడి ఉంటుంది.

కొల్లేరు కథ మరింత విశేషమైనది. సముద్రం నిలదొక్కుకున్న తొలి రోజుల్లో ఇప్పటి కొల్లేరు ప్రాంతమే తీరం. దానికి ఒక పక్క గోదావరి, మరో పక్క కృష్ణ ఒండ్రు తెచ్చి సముద్రంలోకి నేలను పెంచుకుంటూ పోయాయి. రెండు డెల్టాల నడుమ పల్లంలో మిగిలిపోయిన నీరే కొల్లేరు. ఇవాళ అది మంచినీటి సరస్సు, సముద్రానికి పదుల కిలోమీటర్ల దూరం. కానీ దాని నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు వాలు ఎంత తక్కువంటే, వేసవిలో పోటుతో పాటు ఉప్పునీరు ఎదురెక్కి వస్తుంది. కొల్లేరుకూ సముద్రానికీ మధ్య డెల్టాలో తీరానికి సమాంతరంగా వరుసలు వరుసలుగా ఇసుక మెరకలు కనిపిస్తాయి. ఒక్కో మెరక ఒకప్పటి సముద్రపు ఒడ్డు. ఊళ్లు, కొబ్బరి తోటలు, సరుగుడు తోటలు చాలావరకు ఆ మెరకల మీద ఉంటాయి. మధ్య పల్లాల్లో వరి పండుతుంది. డెల్టా రైతు పొలం ఎత్తుపల్లాలు చాలావరకు పాత తీరాల గుర్తులే.

చరిత్ర కూడా దీనికి సాక్ష్యం చెబుతుంది. క్రీ.శ. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ ఈ తీరంలో ఒక పెద్ద వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. అది కృష్ణా జిల్లాలోని ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి బౌద్ధ స్తూపం ఆనాటి సిరిని చెబుతుంది. ఇప్పుడు ఘంటసాల నుంచి సముద్రం చూడాలంటే ఇరవై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. సముద్రమట్టం నిలకడగా ఉన్నంతకాలం నది తెచ్చే ఒండ్రుదే పైచేయి అయింది, నేల ముందుకు జరిగింది.

ఆ నిలకడ ఇప్పుడు చెదిరింది. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల అధ్యయన బృందం ఐపీసీసీ లెక్కతేల్చింది. పెరుగుదల మొత్తంకంటే వేగం ఎక్కువ కలవరపెడుతుంది. 1901–1971 మధ్య ఏటా 1.3 మిల్లీమీటర్లుగా ఉన్న రేటు, 2006–2018 మధ్య 3.7 మిల్లీమీటర్లకు చేరింది. 1990ల మొదట్లో మొదలైన ఉపగ్రహ కొలతలు కూడా ఈ వేగం పెరుగుతున్నదనే చెబుతున్నాయి.

కారణాలు రెండు. గాలిలో పెరిగిన కర్బన వాయువులు పట్టి ఉంచే అదనపు వేడిలో 90 శాతం దాకా సముద్రాలే పీల్చుకుంటాయి. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. 1971 తర్వాతి పెరుగుదలలో దాదాపు సగం ఈ వ్యాకోచం వల్ల వచ్చిందే. మిగతాది ఎక్కువగా కొండల మీది హిమానీనదాలు, గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు కరగడం వల్ల వచ్చింది. నీటి మీద తేలే మంచు కరిగితే సముద్రం దాదాపు పెరగదు, ఎందుకంటే అది తన బరువుకు సరిపడా నీటిని అప్పటికే తొలగించుకుని ఉంది. నేల మీద ఉన్న మంచు సముద్రంలోకి చేరితేనే మట్టం లేస్తుంది. అలాంటి మంచు గ్రీన్‌లాండ్‌లో సముద్రాన్ని 7 మీటర్లు, అంటార్కిటికాలో 58 మీటర్ల దాకా పెంచగలిగినంత ఉంది. అదంతా త్వరలో కరుగుతుందని ఎవరూ అనడం లేదు. 2100 నాటికి, ఉద్గారాలు బాగా తగ్గిస్తే 28 నుంచి 55 సెంటీమీటర్లు, విపరీతంగా పెంచుకుంటూ పోతే 63 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పెరగవచ్చని ఐపీసీసీ 2021 నివేదిక అంచనా వేసింది. మంచు పలకలు అనుకోని రీతిలో కూలితే అంతకు మించవచ్చని కూడా హెచ్చరించింది.

భారత తీరంలో రేవుల దగ్గర నమోదైన లెక్కలు ఊరికో రకంగా ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని డైమండ్ హార్బర్‌లో ఏటా 5 మిల్లీమీటర్లకు పైగా, కొచ్చిలో 1.3, ముంబైలో 0.7, చెన్నైలో 0.3 మిల్లీమీటర్ల పెరుగుదల నమోదైంది. కొలతలు తీసుకున్న కాలాలు ఒకటి కాకపోవడం ఈ తేడాకు ఒక కారణం. డైమండ్ హార్బర్ దగ్గర గంగా డెల్టా నేల కుంగడం మరో ముఖ్య కారణం.

డెల్టాలన్నీ ఎంతో కొంత కుంగుతాయి. నది తెచ్చిన బురద తన బరువుకే ఏళ్ల తరబడి అణగుతూ ఉంటుంది. నేలలోంచి నీరు, చమురు, సహజవాయువు తోడితే అణగడం ఎక్కువవుతుంది. ఏటా వరద కొత్త ఒండ్రు పరిచి ఆ లోటు తీర్చేది. అందుకే తీరం నిలవాలంటే సముద్రమట్టం ఒక్కదాన్నే చూస్తే చాలదు, ఒండ్రు జమాఖర్చు కూడా చూడాలి. ఆంధ్ర తీరంలో ఆ ఖాతా అర్ధశతాబ్దంగా లోటులో నడుస్తోంది.

గోదావరి 1970లలో ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును దిగువకు తెచ్చేది. 2000 తర్వాతి తొలి ఏళ్లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. కృష్ణ పరిస్థితి ఇంకా దారుణం: 1960ల చివర ఏటా 90 లక్షల టన్నులున్నది, 2000–2005 నాటికి 4 లక్షల టన్నులకు దిగజారింది. మిగతా ఒండ్రు ఎగువ జలాశయాల అడుగున పేరుకుంటోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరాన్ని పాత పటాలతో, ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూశారు. 1965 నుంచి 2008 వరకు మేట వేసిన నేలను మినహాయించుకున్నా 76 చదరపు కిలోమీటర్లు సముద్రంలో కలిసిపోయాయని తేలింది. 1990 తర్వాత కోత వేగం అంతకుముందుకంటే బాగా పెరిగింది. వేల ఏళ్లుగా సముద్రంలోకి పెరుగుతూ వచ్చిన డెల్టా ఒక్క తరంలో వెనక్కి తిరిగింది. ఆనకట్టలు డెల్టాకు అన్నం పెట్టాయన్నది ఎంత నిజమో, డెల్టా అంచును అవే బలహీనపరిచాయన్నది అంతే నిజం. మొదటి మాట చెప్పుకున్నంతగా రెండో మాట చెప్పుకోలేదు.

కాకినాడ దగ్గర ఉప్పాడలో ఈ కోతను ఎవరైనా చూడవచ్చు. జాందానీ చీరలకు పేరుపడ్డ ఆ ఊళ్లో వీధులు, ఇళ్లు, గుళ్లు ఒక్కొక్కటిగా కెరటాల పాలయ్యాయి. పెద్ద తుపాను తర్వాత ఒడ్డున ఇసుకలో బంగారు రేణువుల కోసం జనం వెతకడం అక్కడ మామూలే. అవి కడలిలో కలిసిన పాత ఇళ్ల, గుళ్ల తాలూకువని స్థానికుల నమ్మకం. కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు వేశారో. ఇసుక నింపిన భారీ జియో ట్యూబులతో రక్షణ కట్ట వేశారు, అదీ దెబ్బతింది. ఉప్పాడకు దక్షిణాన, గోదావరి ఇసుకతో రెండు వందల ఏళ్లలో పెరిగిన హోప్ ఐలాండ్ అనే పొడుగాటి ఇసుక దిన్నె కాకినాడ అఖాతానికి కెరటాల నుంచి అడ్డుగా నిలిచింది. కాకినాడ రేవుకు ఆ దిన్నె వరం. కానీ తీరం వెంట ఉత్తరానికి సాగే ఇసుక దాని దగ్గర నిలిచిపోవడంతో ఉప్పాడకు ఇసుక అందదు.

తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. ఆ దారికి అడ్డం కడితే దక్షిణాన ఇసుక పోగుపడుతుంది, ఉత్తరాన కోత పడుతుంది. 19వ శతాబ్దం చివర చెన్నై రేవు కట్టాక దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు తీరం తరిగింది. విశాఖ ఔటర్ హార్బర్ కట్టాక కూడా ఉత్తరాన ఉన్న బీచ్‌కు డ్రెడ్జర్లతో ఇసుక తోడిపోయాల్సి వస్తోంది. ఒక ఊరి ముందు రాళ్లు పేరిస్తే పక్క ఊరికి కోత పెరగడం ఇందువల్లే.

ఈ లోటు మీద సముద్రమట్టం కూడా పెరిగితే పరిస్థితి ఎలా ఉంటుంది? ఇసుక ఒడ్డు వాలు చాలా తక్కువ. అందువల్ల నీరు నిలువునా కొంచెం లేస్తేనే ఒడ్డు చాలా దూరం వెనక్కి పోతుంది. ఇంజినీర్లు వాడే ఒక పాత సూత్రం ప్రకారం సముద్రం ఒక సెంటీమీటరు లేస్తే ఒడ్డు అర మీటరు నుంచి మీటరు దాకా తగ్గుతుంది. ఇసుక అందుబాటును బట్టి ఇది అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు గానీ, మిల్లీమీటర్లను చిన్నచూపు చూడకూడదని చెప్పడానికి చాలు. సముద్రం 0.6 మీటరు పెరిగితే ఆంధ్ర తీరంలో 282 గ్రామాలకు చెందిన దాదాపు 12.9 లక్షల మంది నిర్వాసితులవుతారని 2008లో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులే లెక్కగట్టారు. అందులో 2001 జనాభా లెక్కలు వాడారు.

నేల మునగడానికి చాలా ముందే నష్టం మొదలవుతుంది. పోటు సమయంలో డ్రెయిన్లలోని నీరు సముద్రంలోకి దిగదు. వానలకు చేలు మునిగి రోజుల తరబడి నీరు నిలుస్తుంది. ఉప్పునీరు భూగర్భంలోకి చొచ్చుకొచ్చి బావులు ఉప్పగా మారతాయి, పొలాలు చౌడు బారతాయి. తీర మండలాల్లో వరి వదిలేసి రొయ్యల చెరువులు తవ్వడంతో ఉప్పు మరింత లోపలికి పాకుతోంది. తుపాను ఉప్పెనల సంగతి మరీ తీవ్రం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చి పది వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పటికంటే ఇప్పుడు హెచ్చరికలు, తుపాను షెల్టర్లు ఎంతో మెరుగయ్యాయి, ప్రాణనష్టం బాగా తగ్గింది. కానీ ఇళ్లు, పొలాలు, పడవలు షెల్టర్లలో పట్టవు. నూరేళ్లకొకసారి వచ్చేదనుకునే స్థాయి నీటి ఎత్తు, ఈ శతాబ్దం చివరికి ప్రపంచంలో సముద్రమట్టం కొలిచే చోట్లలో సగానికి పైగా వాటిలో ఏటా రావచ్చని ఐపీసీసీ అంచనా.

తీరానికి సహజంగా ఉన్న రక్షణల్లో మడ అడవులు ముఖ్యమైనవి. గోదావరి మొగల దగ్గరి కోరంగి అడవుల వేళ్లు బురదను పట్టి ఉంచి, నేల మట్టాన్ని కొద్దికొద్దిగా పెంచుతాయి. సముద్రం నెమ్మదిగా పెరిగితే అడవి దానితో పాటు ఎదుగుతుంది. పెరుగుదల ఏటా 6, 7 మిల్లీమీటర్లు దాటితే మడ చెట్లు తట్టుకోలేవని పాత కాలపు నిక్షేపాల అధ్యయనాలు చెబుతున్నాయి. అప్పుడవి లోపలి వైపు జరగాలి. వాటి వెనకే కట్టలు, చెరువులు ఉంటే జరగడానికి చోటుండదు.

భూతాపాన్ని తగ్గించడం ప్రపంచమంతా కలిసి చేయాల్సిన పని. జలాశయాల్లో పేరుకున్న ఒండ్రును వరదలతో పాటు కిందికి వదిలే మార్గాలు, నదుల్లో ఇసుక తవ్వకాన్ని అదుపు చేయడం, మడ అడవుల వెనక ఖాళీ నేల మిగల్చడం, రేవుల దగ్గర ఆగిన ఇసుకను అవతలి ఒడ్డుకు చేర్చడం మాత్రం ఇక్కడి ప్రభుత్వాలు చేయగలిగినవే. పోలవరం పూర్తయ్యాక ఆ జలాశయంలోనూ ఒండ్రు కొంత ఆగుతుంది కాబట్టి ఈ ఆలోచన ఇప్పుడే మొదలవ్వాలి. తీర నియంత్రణ నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి. కానీ 2019 సవరణ జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరాల్లో కట్టడాలు నిషేధించే దూరాన్ని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. కోతను, సముద్రమట్టం పెరుగుదలను లెక్కలోకి తీసుకుని భారత సర్వే సంస్థ తీరం పొడవునా ప్రమాద రేఖను గుర్తించింది. ఆ రేఖ తమ ఊరికి ఎక్కడ పడుతుందో తీర గ్రామాల్లో చాలామందికి తెలియదు. ప్రతి తీర పంచాయతీ కార్యాలయంలో ఆ పటాన్ని తెలుగులో పెట్టి, ఇల్లు కట్టుకునే ముందు చూసుకోమని చెప్పడం వెంటనే చేయాల్సిన పని.